ఇంటి కంప్యూటరుకు కావలి



ఈ శీర్షికలో పిల్లల పెంపకము, ఇంటి ఖర్చు, పెద్దల ఆరోగ్యము వంటి కుటుంబ సంగతులను ముచ్చటించుకొంటూ వస్తున్నాము. ఈ మాసము ఇంటి కంప్యూటరును వైరస్‌ల నుండి, హ్యాకర్ల నుండి కాపాడుకొనుటను గూర్చి వ్రాస్తున్నాము. సంఘ పత్రికలో కంప్యూటరు సంగతి ఏమిటని పెద్దవారు అనుకొనవచ్చును. అయితే ఒక్కసారి మన ఇళ్లలోనికి చూడండి.

మన తాటిపాక చుట్టుప్రక్కల, రాజోలు, మలికిపురం, మామిడికుదురు ఊళ్లలో గల్ఫ్ దేశములకు వెళ్లినవారు లేని వీధి అరుదు. కువైట్‌లో ఒక తల్లి, దుబాయిలో ఒక తండ్రి, మస్కట్‌లో ఒక కుమారుడు చెమటోడ్చి సంపాదించిన డబ్బు ఇక్కడి బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ ఖాతాను చూచుకొనేది ఇంటిలోని కంప్యూటరులోనో, ఫోనులోనో. పిల్లవాని మార్కుల జాబితాలు, కాలేజీ కౌన్సెలింగు, పెండ్లి ఫోటోలు, పొలము కాగితముల నకళ్లు, ఆదివారము ఆరాధనలో తెరమీద చూపే పాటలు అన్నీ అందులోనే. ఒకప్పుడు బీరువాలో చీరల మడతల మధ్య దాచుకొన్న వాటిని ఇప్పుడు అక్కడ దాస్తున్నాము. బీరువాకు తాళము వేయడము మరువని మనము దీని తాళము సంగతి తలంచుట లేదు.

పట్టణములతో పనిలేకుండ ఇంటర్నెట్ మన గడపకే వచ్చి కొన్ని సంవత్సరములైనది. మన రాజోలు సీమలోనే, సఖినేటిపల్లి మండలములోని మోరి గ్రామములో 2016 డిసెంబరు నెలాఖరున ఇంటింటికి ఫైబరు తీగతో ఇంటర్నెట్ ఇచ్చే పనికి ప్రారంభోత్సవము జరిగినది. జీడిపప్పుకు పేరుపడిన ఊరు ఆనాడు డిజిటల్ గ్రామముగా పత్రికలకెక్కినది. మరుసటి సంవత్సరము 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను రాష్ట్రమంతటికి ప్రారంభించినారు. కొబ్బరితోటల మధ్య ఉన్న ఇంటికి లోకమంతా చేరువైనది. అదే తీగమీద దొంగ కూడ చేరువైనాడు. దారి రెండు వైపులా నడుస్తుంది కదా!

దొంగల తీరులు

వైరస్ అనగా ఎవరో ఒకరు కావాలని వ్రాసిన చెడ్డ ప్రోగ్రాము. వరి చేలో తెగులు ఒక దుబ్బు నుండి మరియొక దుబ్బుకు ప్రాకినట్లు అది ఒక కంప్యూటరు నుండి మరియొకదానికి ప్రాకుతుంది. ఇది క్రొత్త సంగతి కాదు. 1986లోనే లాహోరులో ఇద్దరు అన్నదమ్ములు వ్రాసిన 'బ్రెయిన్' అను వైరస్ ఫ్లాపీల ద్వారా దేశదేశములకు ప్రాకినది. ఆ కాలపు వైరస్‌లు ఎక్కువగా చిలిపితనము కొరకో, పేరు కొరకో వ్రాసినవి. ఇప్పుడు వచ్చేవి డబ్బు కొరకు వ్రాసినవి.

వాటిలో మూడు రకములను గుర్తుంచుకొంటే చాలును. మొదటిది, మనము టైపు చేయు ప్రతి అక్షరమును, పాస్‌వర్డుతో సహా, చాటుగా వ్రాసుకొని దొంగకు పంపునది. రెండవది, దూరముననున్న దొంగ చేతికి మన కంప్యూటరును అప్పగించునది. అతడు ఎక్కడో కూర్చుండి మన తెరను చూచును, మన మౌసును కదిలించును. మూడవది, మన ఫోటోలకు, కాగితములకు తాళము వేసి, తెరవవలెనంటే ఇంత సొమ్ము పంపుమని బెదిరించునది. ఈ మూడవదానిని ర్యాన్సమ్‌వేర్ అంటారు. పిల్లను ఎత్తుకొనిపోయి డబ్బు అడిగే దుర్మార్గము వంటిదే ఇది.

మా ఇంటిలో ఏమున్నది, హ్యాకరు మాకొరకు వస్తాడా అని కొందరు అంటారు. హ్యాకరు మీ ఇంటి నంబరు చూచి రాడు. వలవేయు జాలరి ఏ చేప పేరునూ తలంచడు. వలలో పడినదే అతని చేప.

తలుపు తీయునది లోపలివారే

హ్యాకరు అనగానే గోడకు కన్నము వేసే గజదొంగ మన కన్నులకు కనబడతాడు. అట్టివారు లేకపోలేదు. అయితే చాల సందర్భములలో దొంగ గోడ త్రవ్వడు. వేషము మార్చుకొని వచ్చి తలుపు తడతాడు. తీసేది లోపల ఉన్నవారే.

2000 సంవత్సరము మే 4న ఫిలిప్పీన్స్ దేశమునుండి బయలుదేరిన ఒక వైరస్ ప్రేమలేఖ వేషములో వచ్చినది. నీకు ప్రేమలేఖ వచ్చినది, తెరచి చూడుము అని ఉండుటచేత లక్షలమంది తెరచినారు. తెరచిన ప్రతి కంప్యూటరు నుండి అది ఆ యజమాని స్నేహితులందరికి అదే ఉత్తరమును పంపుకొన్నది. తెలిసినవారి పేరున వచ్చినది గనుక వారును తెరచినారు.

మన తెలుగువారి మధ్య జరిగిన సంగతి ఇంకను స్పష్టముగా ఉన్నది. 2022 జనవరిలో హైదరాబాదులోని ఏ.పి. మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుండి హ్యాకర్లు 12 కోట్ల రూపాయలకు పైగా దొంగిలించినారు. పోలీసులు విచారించి చెప్పినదేమనగా, అంతకు రెండు నెలల ముందే, 2021 నవంబరులో, బ్యాంకు ఉద్యోగులకు మోసపు ఈమెయిళ్లు వచ్చినవి. వాటిని తెరచిన ఉద్యోగుల కంప్యూటర్లలోనికి ఆ రెండవ రకపు ప్రోగ్రాము ప్రవేశించినది. దొంగలు వెంటనే చేయి వేయలేదు. లోపల కూర్చుండి, పని జరుగు తీరు నేర్చుకొని, అదను చూచి డబ్బును కొన్ని ఖాతాలలోనికి, అక్కడినుండి వందలాది ఖాతాలలోనికి మరల్చినారు. ఇనుప తలుపులు, తుపాకి పట్టిన కావలివాడు ఉన్న బ్యాంకులోనికి దొంగ ఒక ఉత్తరముతో ప్రవేశించినాడు.

ఇది చదువునప్పుడు మనకు యెహోషువ గ్రంథములోని గిబియోనీయులు జ్ఞాపకము రాకమానరు. వారు దగ్గరి ఊరివారే. అయినను పాతగిలిన చెప్పులు తొడుగుకొని, బూజుపట్టిన రొట్టెలు మూటగట్టుకొని, బహు దూరమునుండి వచ్చినవారివలె కనబడిరి. పెద్దలు ఆ రొట్టెలను చూచి నమ్మిరి. దేవునియొద్ద విచారణ చేయలేదు. మాట ఇచ్చిన మూడు దినములకు సంగతి బయటపడినది. ఈ కాలపు గిబియోనీయులు బ్యాంకు గుర్తును, కొరియరు రసీదును, కరెంటు బిల్లును, పాస్టరుగారి ఫోటోను మూటగట్టుకొని వస్తారు.

మన సంఘములకు ప్రత్యేకముగా వచ్చు వేషములు కూడ ఉన్నవి. విదేశములో మరణశయ్యమీద ఉన్న ఒక విధవరాలు తన ఆస్తిని మీ పరిచర్యకు వ్రాయగోరుచున్నదనియు, ముందుగా ఖర్చులకు కొంత సొమ్ము పంపవలెననియు ఈమెయిలు వస్తుంది. చక్కని భక్తి మాటలతోనే వస్తుంది. 2010 నాటి విదేశీ విరాళముల చట్టము ప్రకారము ప్రభుత్వ అనుమతి లేకుండ ఏ సంఘమును విదేశ విరాళము తీసికొనకూడదు. ఆ ఒక్క సంగతి తెలిసినవారు ఈ వలలో పడరు. అట్లే పాస్టరుగారి పేరుతో అత్యవసరముగా డబ్బు పంపుమని మెసేజి వస్తే, డబ్బు పంపక ముందు ఆయన పాత నంబరుకు ఫోను చేసి గొంతు వినండి. ప్రార్థన అవసరతను నిర్లక్ష్యము చేయమని మేము చెప్పుట లేదు. అడిగినవాడు ఎవరో తెలిసికొనుమని చెప్తున్నాము.

తెలిసిన చిల్లును పూడ్చుట

దొంగ తలుపు తట్టకుండ, చిల్లును వెదకికొని ప్రవేశించు సందర్భములు కూడ ఉన్నవి. 2017 మే 12న వన్నాక్రై అను ర్యాన్సమ్‌వేర్ లోకమంతటా ప్రాకినది. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దానికి చిక్కినవి. బ్రిటనులో ఆసుపత్రులు శస్త్రచికిత్సలను వాయిదా వేయవలసి వచ్చినది. మన రాష్ట్రములో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలో పోలీసు శాఖవారి కంప్యూటర్లు కూడ దాని పాలబడినవి. తెర తెరవగానే 300 డాలర్లు కట్టుమను హెచ్చరిక కనబడినది.

విచారకరమైన సంగతి ఏమనగా, ఆ చిల్లు అప్పటికే తెలిసినది. దానిని పూడ్చు అతుకును విండోస్ తయారు చేయు మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 మార్చి 14న, అనగా రెండు నెలల ముందే, ఉచితముగా ఇచ్చినది. వేసికొన్నవారు తప్పించుకొన్నారు. తరువాత చూద్దామనుకొన్నవారు చిక్కినారు.

కనబడని చిల్లు అంటే ఏమిటో మన తాటిపాక వారికి ఎవరును చెప్పనక్కరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున ప్రక్కనున్న నగరం గ్రామములో గ్యాసు గొట్టము లీకై మంట లేచిన దినము మన హృదయములలో నేటికిని మానని గాయము. ఆ దుఃఖముతో కంప్యూటరు నష్టమును పోల్చుట మా ఉద్దేశము కాదు. ప్రాణము వేరు, సొమ్ము వేరు. అయినను చిల్లు చిన్నదే కదా అని ఊరకుండరాదని మన ఊరు నేర్చుకొన్నంతగా మరే ఊరును నేర్చుకొనలేదు.

గనుక కంప్యూటరు అప్‌డేట్ చేయుమని అడిగినప్పుడు విసుగుతో ప్రక్కకు త్రోయకండి. అది ఇంటి కప్పుకు తాటాకు నేయుట వంటిది. వానకు ముందే చేయవలెను. మీ కంప్యూటరులో ఏ విండోస్ ఉన్నదో చదువుకొన్న పిల్లలచేత చూపించుకొనండి. విండోస్ ఎక్స్‌పికి 2014 ఏప్రిల్ 8తోను, విండోస్ 7కు 2020 జనవరి 14తోను, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తోను మామూలు రక్షణ అతుకులు నిలిచిపోయినవి. విండోస్ 10 ఉన్నవారికి ఆ తరువాత కొంతకాలము అదనపు రక్షణ పొందు ఏర్పాటు ఒకటి ఇచ్చినారు గాని దానిలో ప్రత్యేకముగా చేరవలెను. పాత కంప్యూటరులో విండోస్ 11 పట్టదని తేలితే దానిని పారవేయనక్కరలేదు. పిల్లల టైపింగుకు, పాటలకు ఉంచుకొని, బ్యాంకు పనులు మాత్రము దానిలో చేయకండి. లేదా తెలిసినవారిచేత ఉచితముగా దొరకు లినక్స్ వేయించుకొనండి.

ఇక్కడ ఒక మాట మొగమాటము లేకుండ చెప్పవలసి ఉన్నది. మన ఊళ్లలోని కంప్యూటర్లలో చాలవాటిలో విండోస్ మొదలుకొని ఫోటోల సాఫ్ట్‌వేర్, తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్ వరకు దొంగ నకళ్లే. కొన్నప్పుడు దుకాణదారుడు ఉచితముగా వేసి ఇచ్చాడని సంతోషిస్తాము. ఆ నకలుకు తాళము పగులగొట్టిన వ్యక్తి ఎవరో మనకు తెలియదు. అతడు దానిలో మరి ఏమి పెట్టినాడో అసలే తెలియదు. పైగా దొంగ నకలు వేసినవారు పట్టుబడుదుమేమో అని అప్‌డేట్‌ను కూడ ఆపుచేసి ఉంచుతారు. దొంగ సొత్తు ఇంటిలో పెట్టుకొని దొంగలు రాకూడదని ప్రార్థించుట తగునా? డబ్బు లేనివారికి ఉచితముగానే న్యాయమైన దారులు ఉన్నవి. పదములు టైపు చేయుటకు లిబర్ ఆఫీస్, తెలుగు అక్షరములకు యూనికోడ్ ఖతులు ఎవరైనను ఉచితముగా, చట్టబద్ధముగా వాడుకొనవచ్చును.

ప్రతివాడు తన ఇంటికి ఎదురుగా

యెరూషలేము గోడను కట్టినప్పుడు నెహెమ్యా ఒక మంచి పద్ధతి పాటించెను. అనేకులు తమ తమ ఇండ్లకు ఎదురుగా ఉన్న భాగమును తామే బాగుచేసిరి. కట్టిన తరువాత గవినులను ప్రొద్దెక్కువరకు తెరవకూడదని కట్టడ చేసెను. సన్బల్లటు, గెషెము మాటలాడుకొందము రమ్మని నాలుగు మారులు కబురు పంపినను అతడు పని విడిచి వెళ్లలేదు. అయిదవ మారు విప్పియున్న ఉత్తరము వచ్చినను భయపడలేదు. ఇంటి కంప్యూటరుకు ఇంతకన్న మంచి పాఠము లేదు. మనము కూడ ఇంటిలో పని పంచుకొందము.

1. ఇంటిపెద్ద చేయవలసినది: ఇంటర్నెట్ వారు బిగించిన పెట్టెకు కొన్ననాటి పాస్‌వర్డే ఉండిపోయి ఉంటుంది. ఒకే రకపు పెట్టెలన్నిటికి తరచుగా అదే మాట ఉంటుంది గనుక అది దొంగకు కంఠస్థము. దానిని మార్పించండి. వైఫై మాటను వీధివారందరికి చెప్పకండి.

2. తల్లి చేయవలసినది: పాస్‌వర్డుల పుస్తకము ఒకటి పెట్టి, బీరువాలో భద్రపరచవలెను. ఇంటిలోని పుస్తకమును దూరదేశపు హ్యాకరు చదువలేడు. ప్రతి ఖాతాకు వేరు మాట, పొడవైన మాట ఉండవలెను. నాలుగైదు సంబంధము లేని పదములను కలిపితే జ్ఞాపకముంచుకొనుట సులభము, ఊహించుట కష్టము. మన విశ్వాసులలో అనేకులు యేసు నామమును, హల్లెలూయను, ప్రక్కన 123ను పాస్‌వర్డుగా పెట్టుకొంటారు. భక్తి మంచిదే గాని, సంఘమంతా ఊహించగలిగిన మాట తాళము కాదు. పిల్లల పుట్టినరోజులు, బండి నంబర్లు కూడ అంతే.

3. చదువుకొనే పిల్లలు చేయవలసినది: కంప్యూటరులో పెద్దలకు ఒకటి, తమకు ఒకటి వేరు ఖాతాలు పెట్టవలెను. పిల్లల ఖాతాకు క్రొత్త ప్రోగ్రాములు వేయు అధికారము ఉండకూడదు. ఆటల కొరకు, ఉచిత సినిమాల కొరకు తెలియని చోట్ల నుండి ఏదియు దించుకొనరాదు. విండోస్‌తోనే వచ్చిన డిఫెండర్ పని చేయుచున్నదో లేదో వారమునకొకసారి చూడవలెను. అది చాలును. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి వేస్తే ఒకదానితో ఒకటి పోట్లాడుకొని కంప్యూటరు నత్తనడక నడుస్తుంది.

4. సంఘములో పాటలు చూపించు యౌవనస్థులు చేయవలసినది: క్రిస్మస్ వచ్చినదంటే పెన్‌డ్రైవు పది చేతులు మారుతుంది. నెట్ సెంటరు నుండి ఫోటో స్టూడియోకు, అక్కడనుండి సంఘపు ల్యాప్‌టాపుకు, తిరిగి ఇంటికి. వైరస్ ప్రాకుటకు ఇంతకన్న అనువైన దారి లేదు. పెన్‌డ్రైవు పెట్టగానే తెరవక, ముందు డిఫెండర్‌తో పరీక్ష చేయండి. పాటల ఫోల్డర్లన్నియు ఉన్నట్టుండి షార్ట్‌కట్‌లుగా మారి కనబడితే వాటిని నొక్కకండి. అది వైరస్ గుర్తు. పాట పేరు చివర డాట్ ఈఎక్స్ఈ అని ఉంటే అది పాట కాదు, ప్రోగ్రాము. ఫోనుకు పెండ్లి శుభలేఖ పేరుతో వచ్చు ఏపీకే ఫైలు కూడ అట్టిదే. సంఘపు ల్యాప్‌టాపులో కానుకల లెక్కలు ఉంటే దానిని పాటల ల్యాప్‌టాపుగా వాడకపోవుట మేలు.

5. అందరు చేయవలసినది: మీ కంప్యూటరుకు వైరస్ సోకినది, ఈ నంబరుకు ఫోను చేయండి అని ఎర్రని అక్షరములతో తెర నిండితే ఆ నంబరుకు ఫోను చేయకండి. దానిని మూసివేయండి. మూసుకొనకపోతే కంప్యూటరును ఆపండి. బ్యాంకు నుండి మాటలాడుచున్నామని చెప్పి ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటివి వేసికొనుమని ఎవరు చెప్పినను వేయకండి. అవి మంచి పనులకు చేసినవే గాని, వాటితో ఎదుటివాడు మీ తెరను చూడగలడు. ఓటీపీ, వాట్సాప్‌కు వచ్చే ఆరు అంకెల సంఖ్య ఎవరికిని చెప్పకండి. ఈమెయిలు, బ్యాంకు, వాట్సాప్‌లకు రెండంచెల తాళము పెట్టుకొనండి. తొందరపెట్టు ప్రతి పిలుపుకు నెహెమ్యా జవాబే మన జవాబు. ప్రొద్దెక్కనివ్వండి. ఇంకొకరిని అడగండి. తరువాత గవిని తెరవండి.

వరదకు ముందే అటక

గోదావరి లంకలలో నివసించువారికి ఒక అలవాటు ఉన్నది. ఎగువన నీరు పెరుగుచున్నదని వినగానే ధాన్యము, కాగితములు, బట్టలు అటకమీదికి చేరుస్తారు. 1986 ఆగస్టు వరదను, 2022 జులై వరదను చూచినవారికి ఆ అలవాటు విలువ తెలియును. నీరు గడప దాటిన తరువాత అటక ఎక్కించుట ఎవరితరము?

ర్యాన్సమ్‌వేర్‌కు మందు ఇదే. మీ ఫోటోలు, సర్టిఫికెట్లు, సంఘపు బాప్తిస్మ పట్టికల నకళ్లు వేరొక హార్డ్‌డిస్కులో నెలకొకసారి నకలు చేయండి. చేసిన వెంటనే దానిని కంప్యూటరు నుండి విడదీసి పెట్టండి. తగిలించి ఉంచితే వైరస్ దానికి కూడ తాళము వేస్తుంది. రెండవ నకలును మరియొక ఇంటిలోనో, ఇంటర్నెట్ నిల్వలోనో ఉంచితే తుఫానుకు, దొంగకు కూడ అందదు. నకలు ఉన్న ఇంటివారు దొంగకు ఒక్క రూపాయియు పంపనక్కరలేదు. పంపినను తాళము తీస్తాడను నమ్మకము లేదు.

మోసపోయిన గంటలో

ఇంత జాగ్రత్తపడినను ఎవరో ఒకరు ఒకనాడు తప్పు బటన్ నొక్కుదురు. అప్పుడు ఏమి చేయవలెను?

ముందుగా ఇంటర్నెట్ తీగను తీసివేయండి, వైఫైని ఆపండి. డబ్బు పోయినట్లయితే వెంటనే బ్యాంకుకు ఫోను చేసి ఖాతాను నిలుపుదల చేయించండి. 1930 అను నంబరుకు ఫోను చేయండి. ఇది దేశమంతటికి సైబరు నేరముల సహాయ నంబరు. ఎంత త్వరగా చెప్తే, డబ్బు ఖాతానుండి ఖాతాకు మారిపోకముందే ఆపుటకు అంత అవకాశము. తరువాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వపు వెబ్‌సైటులో ఫిర్యాదు వ్రాయండి. వేరొక కంప్యూటరు నుండి పాస్‌వర్డులన్నియు మార్చండి. సోకిన కంప్యూటరును శుభ్రపరచుటకు కేంద్ర ప్రభుత్వము 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము ఉచిత సాధనములను ఇస్తుంది.

త్వరగా చెప్పుటలో చట్టపు మేలు కూడ ఉన్నది. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఏమనగా, మన తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేకుండ మరియొకచోటి లోపమువలన డబ్బు పోతే, సమాచారము అందిన 3 పని దినములలో చెప్పిన ఖాతాదారునిమీద నష్టము పడదు. మనమే రహస్య సంఖ్య చెప్పి మోసపోయినట్లయితే, బ్యాంకుకు తెలియజేయువరకు జరిగిన నష్టము మనది. తెలియజేసిన తరువాత జరిగినది బ్యాంకుది. గనుక ఒక్కొక్క గంట ఆలస్యము దొంగకు బహుమానము.

ఆ ఆలస్యము ఎందుకు జరుగుతుందో ఆలోచించండి. దానికి కారణము తెలియనితనము కంటె భయమే ఎక్కువ. పదవ తరగతి పిల్లవాడు ఆట దించుకొనబోయి ఏదో నొక్కినాడు. తెర వింతగా మారినది. నాన్నకు తెలిస్తే బెల్టు తీస్తాడని కంప్యూటరు ఆపి ఊరకుంటాడు. ఇంటిలో ఉన్న కోడలు ఫోనులో ఓటీపీ చెప్పినది. 40 వేలు పోయినవి. కువైట్‌లో ఉన్న భర్త ఏమంటాడో, అత్తగారు ఏమంటారో అని రెండు దినములు ఏడ్చి, మూడవ దినము చెప్తుంది. ముసలి తండ్రి పింఛను పోగొట్టుకొని, నాకు బుద్ధిలేదంటారని ఎవరికిని చెప్పడు. ఈ మూడు ఇళ్లలోను దొంగకు కావలసినంత సమయము దొరికినది. ఆ సమయమును దొంగకు ఇచ్చినది ఇంటిలోని భయము.

తప్పిపోయిన కుమారుని ఉపమానములో, కుమారుడు దారిలో సిద్ధము చేసికొన్న మాటలన్నియు చెప్పి ముగించకముందే తండ్రి పరుగెత్తి వచ్చి మెడమీద పడెను. లెక్క అడుగుట తరువాతి సంగతి. మన ఇళ్లలో కూడ తప్పు చేసినవారు పరుగెత్తుకొని వచ్చి చెప్పగలిగిన వాతావరణము ఉన్నదా? ఎంత ఖరీదు పెట్టి కొన్న యాంటీవైరస్ అయినను ఇది ఇవ్వలేదు. తిట్టని తండ్రి, ఎగతాళి చేయని అత్తగారు, ఫోనులో ముందు నీవు బాగున్నావా అని అడుగు భర్త, ఈ ముగ్గురు ఉన్న ఇంటిలో దొంగకు నిమిషములే దొరుకును. మనము క్షమించుటను గూర్చి ఆదివారము వింటాము. దానిని సోమవారము కంప్యూటరు ముందు వాడుకొనవలసి వస్తుంది.

జాగ్రత్త చెప్పకూడదని కాదు. డబ్బు ఆగిన తరువాత, అందరు నెమ్మదించిన తరువాత, కలిసి కూర్చుండి ఎక్కడ తలుపు తెరుచుకొన్నదో చూడండి. మోసపోయినవారినే మరునాడు మిగిలినవారికి పాఠము చెప్పమనండి. అనుభవము గలవారికంటె మంచి కావలివారు దొరకరు.

ఈ వారము కుటుంబ ప్రార్థన తరువాత

ఈ ప్రశ్నలను ఇంటిల్లిపాది కలిసి మాటలాడుకొనండి.

1. మన కంప్యూటరులో ఏ విండోస్ ఉన్నది? దానికి అప్‌డేట్‌లు వచ్చుచున్నవా? దానిలోని సాఫ్ట్‌వేర్ న్యాయముగా సంపాదించినదేనా?

2. ఇప్పుడు కంప్యూటరు పాడైతే మనము తిరిగి సంపాదించలేనివి ఏవి? వాటి నకలు ఎక్కడ ఉన్నది?

3. 1930 నంబరు ఇంటిలో అందరికి, అవ్వకు, తాతకు సహా, నోటికి వచ్చునా? దానిని కంప్యూటరు ప్రక్కన గోడమీద వ్రాసినామా?

4. మనలో ఎవరైనను పొరపాటున మోసపోతే, మొదట ఎవరికి చెప్తారు? ఆ వ్యక్తి మొదట పలుకవలసిన మాట ఏమిటి?

నాలుగవ ప్రశ్నకు పిల్లలు ఏమి జవాబు ఇస్తారో తండ్రులు శ్రద్ధగా వినండి. దూరదేశములో ఉన్నవారు ఫోనులోనైనను ఈ మాటలలో పాలుపొందవలెను. వారి కష్టార్జితమే గదా మనము కాపాడవలసినది!

గోడను కట్టువారికి బుద్ధిని, గవిని కాయువారికి మెలకువను, పొరపాటున తలుపు తీసినవారికి ధైర్యముగా చెప్పుకొను కృపను ప్రభువు మీ ఇంటిలో అనుగ్రహించును గాక. ఆమేన్.